జిమ్నీని పైకెత్తిన తరువాత: చెదిరిన కోణాలను తిరిగి కుదర్చడం

స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు మార్చి జిమ్నీని 50 మి.మీ. పైకెత్తడం చేయితిరిగిన మెకానిక్‌కు ఒక పూట పని. ఆ ఎత్తు వల్ల చెదిరిపోయిన కోణాలను తిరిగి కుదర్చడానికి మాత్రం రెండు మూడు రోజుల ఓపిక కావాలి. కొటేషన్ ఇచ్చేటప్పుడు చాలా షాపులు దాని ఊసే ఎత్తవు. అందుకే చూడటానికి ఠీవిగా నిలబడిన బండి మొదటి మలుపులోనే ఇబ్బంది పెడుతుంది. తిప్పిన స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు. తిన్నటి రోడ్డు మీద కూడా స్టీరింగ్ ఒక పక్కకు వంకరగా ఉంటుంది. ఎనభై వేగంలో వంతెన మీది అతుకు తగలగానే ముందు భాగమంతా గజగజ వణుకుతుంది. వీటికి కారణాలు వేరు, మందులు కూడా వేరు; పైగా ఆ మందులు వేసే వరస తప్పితే ఒకటి బాగుచేసిన దాన్ని మరొకటి చెడగొడుతుంది.

ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నది 2023 జూన్‌లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన ఐదు తలుపుల మారుతి సుజుకి జిమ్నీ. దీనికి నిచ్చెన ఆకారపు ఛాసిస్, ముందూ వెనకా రిజిడ్ యాక్సిళ్లు (ఇరుపక్కల చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు), కాయిల్ స్ప్రింగులు ఉంటాయి. ప్రతి యాక్సిల్‌నూ రేడియస్ ఆర్ములనే రెండు కడ్డీలు ముందుకూ వెనక్కూ జరగకుండా పట్టుకుంటాయి. పక్కకు జరగకుండా ఒక పాన్హార్డ్ రాడ్ ఆపుతుంది. ఇదే అమరిక ఉన్న పాత జిమ్నీలకూ, కాయిల్ స్ప్రింగులూ రేడియస్ ఆర్ములూ ఉన్న ఇతర బళ్లకూ కింది విషయాలు దాదాపు అలాగే వర్తిస్తాయి.

పనిలోకి దిగేముందు ఒక మాట చెప్పుకోవాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. స్ప్రింగులు కొనే ముందే మీ రవాణా కార్యాలయంలోనూ, బీమా సంస్థలోనూ ఈ సంగతి అడిగి తెలుసుకోండి. ప్రమాదం జరిగాక అడిగితే ప్రయోజనం ఉండదు.

ఎత్తినప్పుడు నిజంగా జరిగేది

స్ప్రింగు పొడవు పెరిగింది గాని ఆర్ముల పొడవు పెరగలేదు. ఒక కొస ఛాసిస్‌కు బిగించి ఉన్న రాడ్డుకు రెండో కొస ఎప్పుడూ వృత్తం మీదనే తిరుగుతుంది. ఛాసిస్ పైకి లేచినకొద్దీ యాక్సిల్ ఆ వృత్తం వెంట కిందికి దిగుతుంది. దిగుతూ కొంచెం తిరుగుతుంది, కొంచెం పక్కకు జరుగుతుంది. కాగితం మీద వృత్తలేఖినితో ఈ బొమ్మ ఒకసారి గీసుకుంటే, ఎత్తిన బండిలో కనబడే తేడాలు చాలావరకు అందులోనే దొరుకుతాయి.

జిమ్నీ ముందు ఆర్ములు యాక్సిల్ వెనక వైపున ఛాసిస్‌కు తగులుకొని ఉంటాయి. యాక్సిల్ కిందికి దిగితే ఆర్ము ముందు కొస వంగుతుంది, దానితోపాటు యాక్సిల్ కూడా తిరిగి దాని పైభాగం ముందుకు వాలుతుంది. దీనివల్ల తగ్గేది కాస్టర్. కాస్టర్ అంటే ఏమిటో సైకిల్ ముందు ఫోర్కు చూస్తే తెలుస్తుంది: ఫోర్కు పై కొస వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి ఆ వాలు గీత నేలను తాకే చోటు కంటే చక్రం నేలను తాకే చోటు వెనక ఉంటుంది, చక్రం ఆ గీత వెంట ఈడ్చుకొని వస్తుంది, అందువల్ల చేతులు వదిలినా తిన్నగా పోతుంది. టైరు వ్యాసార్ధం 340 మి.మీ., కాస్టర్ 3 డిగ్రీలు అనుకుంటే ఆ ఈడ్పు దూరం సుమారు 18 మి.మీ. కాస్టర్ సున్నా అయితే అదీ సున్నాయే. స్టీరింగ్ వెనక్కి తిరిగి రావడానికి ఉన్న బలమంతా ప్రధానంగా ఆ 18 మి.మీ. లోనే ఉంది.

ఎంత కాస్టర్ పోతుందో లెక్క కట్టడం తేలిక. ఛాసిస్ దగ్గరి బోల్టు నుంచి యాక్సిల్ మధ్య వరకు ఆర్ము పొడవు టేపుతో కొలవండి. బండి లేచిన ఎత్తును ఆ పొడవుతో భాగించి 57.3తో గుణిస్తే డిగ్రీలు వస్తాయి. ఉదాహరణకు ఆర్ము 800 మి.మీ. ఉండి ఎత్తు 50 మి.మీ. అయితే 3.6 డిగ్రీలు. వెనక భాగాన్ని ముందుకంటే ఎక్కువ ఎత్తితే ఇంకొంచెం పోతుంది: జిమ్నీ వీల్‌బేస్ 2590 మి.మీ. కాబట్టి వెనక 20 మి.మీ. అదనంగా లేస్తే ఇంకా 0.4 డిగ్రీ తగ్గుతుంది. ఇది చిన్నదిగా కనిపించినా, ఉన్నదే మూడు నాలుగు డిగ్రీలయిన చోట వదిలేయదగింది కాదు.

స్ప్రింగు విప్పక ముందే తీసుకోవలసిన కొలతలు

ఈ భాగాన్ని దాటవేసే వారే ఎక్కువ. ఎత్తిన తరువాత అలైన్‌మెంట్ సెంటరుకు వెళ్తే తెర మీద ఒక అంకె ఎర్రగా కనిపిస్తుంది గాని, ఆ తప్పు పుట్టుకతో ఉన్నదా, ఎత్తడం వల్ల వచ్చిందా అన్నది ఆ తెర చెప్పదు. మీ బండికి మీ బండే ప్రమాణం.

చదునైన సిమెంటు నేల మీద ఒక చోటు ఎంచుకొని నాలుగు చక్రాలు నిలిచే స్థానాలను సుద్దతో గుర్తు పెట్టండి. తరువాతి కొలతలన్నీ ఆ గుర్తుల మీదనే తీయాలి. టైర్లలో గాలి సరిచూసి, బండిలోని సామాను దించి, స్టీరింగ్ తిన్నగా పెట్టి, బండిని నాలుగైదు సార్లు కిందికి నొక్కి వదిలిన తరువాత ప్రతి చక్రం మధ్య నుంచి పైన ఫెండరు అంచు వరకు దూరం రాసుకోండి. తాపీమేస్త్రీలు వాడే తూకం గుండును ఛాసిస్ పట్టీ బయటి అంచు నుంచి వేలాడదీసి, ఆ దారం నుంచి చక్రం రిమ్ము వరకు దూరాన్ని నాలుగు చోట్లా కొలవండి. తరువాత అయస్కాంతంతో అంటుకొనే డిజిటల్ యాంగిల్ గేజ్‌ను ముందు యాక్సిల్ డిఫరెన్షియల్ గుండు (చక్రాలకు శక్తినిచ్చే పళ్లచక్రాలుండే ఉబ్బు) మీద చదునుగా మరపట్టిన చోట పెట్టి ఆ అంకె రాసుకొని, పెట్టిన స్థలం చుట్టూ పెయింట్ పెన్నుతో గీత గీయండి. ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజన్ శక్తిని ముందు, వెనక యాక్సిళ్లకు పంచే పెట్టె) ఫ్లాంజి, రెండు యాక్సిళ్ల పినియన్ ఫ్లాంజిలు (షాఫ్టు వచ్చి బిగిసే బిళ్లలు), ఆ శక్తిని మోసే రెండు ప్రొపెల్లర్ షాఫ్టులు, వీటి వాలు కూడా అదే గేజ్‌తో తీయాలి.

ఇక్కడ అసలు కాస్టర్ ఎంత అన్నది తెలియనవసరం లేదని గమనించండి. రిజిడ్ యాక్సిల్ ఒకే ముద్ద కాబట్టి గేజ్ అంకెలో వచ్చిన మార్పే కాస్టర్‌లో వచ్చిన మార్పు. గేజ్‌ను మునుపటి అంకెకు తీసుకొస్తే కాస్టర్ కంపెనీ ఇచ్చిన చోటికి వచ్చినట్లే. ఖరీదైన యంత్రం చెప్పేది చవకైన గేజ్ కూడా చెబుతుంది, నేల మారనంత వరకు.

మొదట కాస్టర్

కాస్టర్ సరిచేయడానికి జిమ్నీలో నట్టు తిప్పే ఏర్పాటేదీ లేదు. అలైన్‌మెంట్ సెంటరులో "దీనికి కాస్టర్ అడ్జస్ట్‌మెంట్ లేదు సార్" అంటే అతను నిజమే చెబుతున్నాడు. దారులు మూడు ఉన్నాయి: రంధ్రం మధ్యలో కాక పక్కకు జరిగి ఉన్న ఆఫ్‌సెట్ బుష్‌లు (బుష్ అంటే బోల్టు చుట్టూ ఉండే రబ్బరు లాంటి తొడుగు), ఎత్తుకు తగ్గట్టు వంపు మార్చి తయారుచేసిన కొత్త ఆర్ములు, ఛాసిస్ దగ్గర ఆర్ము తగిలే చోటును కిందికి దించే డ్రాప్ బ్రాకెట్లు.

చవకైన దారి ఆఫ్‌సెట్ బుష్. ఆర్ము యాక్సిల్‌ను రెండు బోల్టులతో పట్టుకుంటుంది, ఒకటి యాక్సిల్‌కు ముందు, ఒకటి వెనక. ముందు బుష్‌లో రంధ్రం పైకి, వెనక బుష్‌లో కిందికి జరిగితే యాక్సిల్ ఆర్ములోనే తిరిగి దాని పైభాగం వెనక్కి వాలుతుంది. రెండు బోల్టుల మధ్య దూరం 180 మి.మీ. అనుకొని ఒక్కో రంధ్రం 5 మి.మీ. జరిగిందనుకుంటే, మొత్తం 10 మి.మీ. ని 180తో భాగించి 57.3తో గుణించగా 3.2 డిగ్రీలు తిరిగి వస్తాయి. 50 మి.మీ. లోపు ఎత్తుకు ఇది చాలు. అయితే రంధ్రం పక్కకు జరిగిందంటే ఒక వైపు రబ్బరు పలచబడిందని అర్థం. గట్టి పదార్థంతో చేసిన బుష్ అయితే యాక్సిల్ మెలితిరిగే చోట, అంటే ఒక చక్రం రాయి మీద, మరొకటి గుంతలో ఉన్నప్పుడు బిగుసుకుపోతుంది. కొండదారుల్లో ఎక్కువగా తిరిగే వారు మెత్తని రబ్బరు బుష్‌లనే అడగాలి.

బుష్‌ను ఏ దిక్కుకు తిప్పి ప్రెస్ చేశారన్నది ఈ పని మొత్తంలో అతి చిన్న వివరం, అతి పెద్ద పొరపాటుకు మూలం కూడా అదే. నా బండికి ఒక వర్క్‌షాపులో ఈ బుష్‌లు వేయించాను. ఎత్తక ముందు గేజ్ అంకె 5.2 డిగ్రీలు, స్ప్రింగులు మార్చాక 8.6. బుష్‌లు పడ్డాక అది 5.4 దగ్గరికి రావాలి. బండి తెచ్చుకొని ఇంటి దారిలో మొదటి సిగ్నల్ దగ్గర ఎడమకు తిరిగితే, స్టీరింగ్ తిరిగిన చోటే ఉండిపోయింది, చేత్తో లాగి తిన్నగా తెచ్చుకోవలసి వచ్చింది. ఇల్లు చేరి సుద్ద గుర్తుల మీద నిలబెట్టి గేజ్ పెడితే 11.8 చూపింది. 3.2 డిగ్రీలు తగ్గవలసింది 3.2 పెరిగింది: నాలుగు బుష్‌లూ తలకిందులుగా కూర్చున్నాయి. మళ్లీ ప్రెస్ చేయిస్తే 5.4 వచ్చింది. గేజ్ లేకపోతే "బుష్‌లు వేశాం కదా, ఇక స్టీరింగ్ బాక్సే పోయుంటుంది" అన్న మాట నమ్మి ఇంకెంత ఖర్చు పెట్టేవాడినో. అందుకే ప్రెస్ చేసే ముందు ఆర్ము మీద పైకి ఒక బాణం గుర్తు వేసి, మీ కళ్ల ముందే బుష్ దింపించండి.

డ్రాప్ బ్రాకెట్‌కు మరొక గుణం ఉంది. ఎత్తిన బండిలో ఆర్ము వాలు ఎక్కువ కావడం వల్ల గతుకు తగిలినప్పుడు చక్రం పైకి లేస్తూనే ముందుకు, అంటే గతుకు వైపుకే, జరుగుతుంది. ఆ దెబ్బ చేతులకు తెలుస్తుంది. బ్రాకెట్ ఆర్మును మునుపటి వాలుకు తెస్తుంది కాబట్టి కాస్టర్‌తోపాటు ఆ మొరటుదనం కూడా తగ్గుతుంది. కాని అది ఛాసిస్ కింద వేలాడుతుంది, ఎత్తి సంపాదించుకున్న నేల ఎడంలో కొంత అక్కడే పోతుంది, రాళ్లు దానికే తగులుతాయి. ఎక్కువగా హైవే మీద తిరిగే బండికి నేను బ్రాకెట్‌నే ఎంచుకుంటాను. రాళ్ల దారి బండికి కొత్త ఆర్ములు, డబ్బు కుదరకపోతే బుష్‌లు.

ఏ దారి ఎంచుకున్నా ఆర్ముల బోల్టులు చివరిసారి బిగించేది బండి జాకీ మీద ఉన్నప్పుడు కాదు. రబ్బరు బుష్ లోపలి ఇనుప గొట్టం బోల్టుతో బిగుసుకుపోతుంది, కదలికంతా రబ్బరు మెలికలోనే జరుగుతుంది. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే బండి దిగగానే రబ్బరు అప్పటికే మెలితిరిగి ఉంటుంది. ఎత్తు సరిగా రాదు, కొన్ని నెలల్లో బుష్ చిరుగుతుంది. బోల్టులు వేళ్లతో తిప్పి వదిలి, బండిని నేలకు దించి, నాలుగు సార్లు ఊపి, అప్పుడు కింద పడుకొని సర్వీస్ మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కు బిగించాలి. పాన్హార్డ్ రాడ్‌కూ, వెనక ఆర్ములకూ ఇదే నియమం.

తరువాత పాన్హార్డ్ రాడ్

పాన్హార్డ్ రాడ్ ఒక కొస ఛాసిస్‌కు, రెండో కొస యాక్సిల్‌కు ఉంటుంది. బండి లేస్తే రాడ్డు మరింత నిటారు అవుతుంది, ఛాసిస్ కొస ఏ వైపు ఉందో యాక్సిల్ ఆ వైపుకు లాగబడుతుంది. 850 మి.మీ. రాడ్డుకు రెండు కొసల ఎత్తులో తేడా 100 నుంచి 150 మి.మీ. కు పెరిగితే యాక్సిల్ 7 మి.మీ. పైచిలుకు పక్కకు జరుగుతుంది. ముందు యాక్సిల్ ఒక వైపుకు, వెనకది మరో వైపుకు పోయిన బండి రోడ్డు మీద కొద్దిగా వంకరగా నడుస్తుంది. వెనక వచ్చే స్నేహితుడు చెప్పేదాకా మనకు తెలియదు.

తూకం గుండుతో మళ్లీ కొలవండి. ఒక వైపు 118, మరో వైపు 130 వస్తే తేడా 12; యాక్సిల్ జరిగింది అందులో సగం, 6 మి.మీ. చాలామంది మొత్తం 12 సరిచేయబోయి యాక్సిల్‌ను రెండో పక్కకు తోసేస్తారు. పొడవు మార్చుకోగలిగే రాడ్డు వేసి, దాన్ని కావలసినంత తిప్పి, లాక్ నట్టు బిగించాలి. ముందు రాడ్డు బోల్టు రంధ్రానికి ఎదురుగా రాకపోతే సుత్తి పట్టుకోనక్కరలేదు. బండి నేల మీద ఉండగా ఇంజన్ ఆన్ చేసి లోపల ఒకరు స్టీరింగ్‌ను నెమ్మదిగా అటూ ఇటూ తిప్పితే బాడీ పక్కకు కదిలి రంధ్రాలు తమంతట కలుస్తాయి, ఆ క్షణంలో బోల్టు జారవిడవడమే. చేతి వేలు మాత్రం రంధ్రంలో పెట్టి చూడకండి.

పాన్హార్డ్ విషయంలో ముందు యాక్సిల్‌కూ వెనక యాక్సిల్‌కూ నియమం ఒకటి కాదు. వెనక, యాక్సిల్ వైపు కొసను పైకెత్తే బ్రాకెట్ వేస్తే రాడ్డు మళ్లీ మునుపటి వాలుకు వస్తుంది, పైగా బండి పక్కకు ఒరిగే కేంద్రం పైకి వచ్చి మలుపుల్లో ఒరగడం తగ్గుతుంది. ముందు ఆ బ్రాకెట్ వేస్తే ప్రమాదం. ముందు పాన్హార్డ్ రాడ్డూ, స్టీరింగ్ బాక్సు నుంచి చక్రానికి పోయే డ్రాగ్ లింకూ సమాంతరంగా ఉండేలా కంపెనీ అమర్చింది. రెండూ ఒకే రకం వృత్తంలో తిరుగుతాయి కాబట్టి గతుకులో యాక్సిల్ ఎంత పక్కకు జరిగితే డ్రాగ్ లింకు కొస కూడా అంతే జరుగుతుంది, చక్రం తిరగదు. బ్రాకెట్‌తో రాడ్డు ఒక్కదాని వాలు మార్చితే ఆ జోడీ చెడిపోయి, ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా స్టీరింగ్ తనంతట తాను కదులుతుంది. డ్రాగ్ లింకు కొసను కూడా అంతే ఎత్తగలిగితేనే ముందు బ్రాకెట్ గురించి ఆలోచించాలి. 50 మి.మీ. ఎత్తుకు పొడవు మార్చే రాడ్డు ఒక్కటి చాలు. అదే కారణంతో, డ్రాగ్ లింకు వాలు తగ్గించడానికని వంపు ఎక్కువున్న పిట్‌మన్ ఆర్ము (స్టీరింగ్ బాక్సు నుంచి డ్రాగ్ లింకును కదిపే చేయి) వేయడం కూడా వద్దు. పాన్హార్డ్ అలాగే ఉండి అది ఒక్కటే దిగితే జోడీ చెడుతుంది, స్టీరింగ్ బాక్సు షాఫ్టు మీద మెలితిప్పే బరువూ పెరుగుతుంది.

స్టీరింగ్ మధ్యకు, ఆ తరువాతే టో

యాక్సిల్ మధ్యకు వచ్చాకే స్టీరింగ్ ముట్టుకోవాలి, ఎందుకంటే పాన్హార్డ్ మార్చిన ప్రతిసారీ స్టీరింగ్ మధ్య స్థానం మారుతుంది. డ్రాగ్ లింకు మీద ఉన్న సర్దుబాటు గొట్టం లాక్ సడలించి, చక్రాలు తిన్నగా ఉన్నప్పుడు స్టీరింగ్ కూడా తిన్నగా వచ్చే వరకు తిప్పాలి. అరచుట్టు తిప్పి చూసి, మళ్లీ అరచుట్టు.

కొందరు ఈ శ్రమ తప్పించుకోవడానికి స్టీరింగ్‌ను విప్పి పళ్ల మీద ఒకటి రెండు గాళ్లు పక్కకు జరిపి బిగిస్తారు. చూపుకు తిన్నగా ఉంటుంది, కాని లోపల స్టీరింగ్ బాక్సు మధ్యలో ఉండదు. జిమ్నీలోది రీసర్క్యులేటింగ్ బాల్ రకం బాక్సు. దాని పళ్లు మధ్య స్థానంలోనే బిగువుగా కలుస్తాయి, పక్కకు పోతే కొంచెం వదులుంటుంది. అలా జరిపిన బండిలో తిన్నగా పోయేటప్పుడే ఆట ఎక్కువ అవుతుంది, ఒక వైపు మలుపు చిన్నదవుతుంది. పైగా బండి జారకుండా బ్రేకులతో కాచే ఈఎస్‌పీకి స్టీరింగ్ కోణం చెప్పే సెన్సర్ ఉంటుంది. అది తప్పు అంకె పంపితే తిన్నగా పోతున్న బండి తిరుగుతోందని అనుకొని ఈఎస్‌పీ బ్రేకు వేయవచ్చు. అందుకే పని అంతా ముగిశాక స్కానర్ ఉన్న చోట ఆ సెన్సర్‌ను సున్నాకు పెట్టించడం మరచిపోకూడదు.

టో అంటే పైనుంచి చూస్తే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం; దాని గురించి చెప్పేది తక్కువే. రిజిడ్ యాక్సిల్‌లో ఎత్తడం వల్ల కాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం పక్కకు వాలే కోణం) మారదు, టో కూడా పెద్దగా మారదు. అయినా ఇన్ని నట్లు విప్పాక అలైన్‌మెంట్ యంత్రం మీద ఒకసారి చూపించి కంపెనీ అంకెకు పెట్టించండి. టైరు సైజు పెరిగి ఉంటే మిల్లీమీటర్లలో కాక డిగ్రీల్లో చూడమనండి, పెద్ద టైరు మీద అదే కోణం ఎక్కువ మిల్లీమీటర్లుగా కనిపిస్తుంది. కాస్టర్ అంకె ఉన్న ప్రింటు అడిగి తీసుకోండి.

కాస్టర్‌కూ షాఫ్టుకూ పడని చోటు

ముందు డిఫరెన్షియల్ పినియన్ వెనక్కి, ట్రాన్స్‌ఫర్ కేసు వైపు చూస్తుంది. బండిని ఎత్తినప్పుడు యాక్సిల్ తిరిగి పినియన్ ముక్కు కొంచెం పైకి లేస్తుంది, అంటే షాఫ్టు వైపే చూస్తుంది. కాస్టర్ కోసం మనం యాక్సిల్‌ను వెనక్కి తిప్పగానే ఆ ముక్కు మళ్లీ కిందికి వంగుతుంది, ట్రాన్స్‌ఫర్ కేసు మాత్రం 50 మి.మీ. పైనే ఉండిపోయింది. ఫలితంగా షాఫ్టు రెండు కొసల్లో వంగడానికి ఉండే క్రాస్ జాయింట్ల కోణాలు పెరుగుతాయి. యాక్సిల్ ఒక్కటే ముద్ద కాబట్టి, చక్రాలకు మంచిదైన కోణం షాఫ్టుకు చెడ్డదవుతుంది. నా ఉద్దేశంలో రోడ్డు మీద నడిచే జిమ్నీకి 50 మి.మీ. దాటి వెళ్లకూడదనడానికి అసలు కారణం ఇదే.

షాఫ్టు రెండు కొసల్లోని కోణాలు సమానంగా ఉంటే ఒక క్రాస్ పుట్టించిన హెచ్చుతగ్గును రెండోది కొట్టివేస్తుంది. సమానం కాకపోతే షాఫ్టు ఒక చుట్టుకు రెండుసార్లు వణుకుతుంది. ముందు షాఫ్టు వణుకు సాధారణంగా 4 హెచ్ (నాలుగు చక్రాలకూ శక్తి పంపే గేరు) వేసినప్పుడే తెలుస్తుంది, వెనకది ఎప్పుడూ తెలుస్తుంది. ముందుగా తీసుకున్న అంకెలతో పోల్చి చూడండి. వెనక యాక్సిల్‌లో ఆర్ములు యాక్సిల్ ముందు వైపున ఛాసిస్‌కు తగిలి ఉంటాయి కాబట్టి అక్కడ కూడా ఎత్తితే పినియన్ ముక్కు పైకి లేస్తుంది, ట్రాన్స్‌ఫర్ కేసు ఫ్లాంజితో సమాంతరం చెడుతుంది. వెనక కాస్టర్ గొడవ లేదు కనుక వెనక ఆర్ములకు కూడా ఆఫ్‌సెట్ బుష్ వేసి సమాంతరం తిరిగి తేవచ్చు. ముందు మాత్రం రాజీ తప్పదు: కాస్టర్‌ను మునుపటి కంటే అర డిగ్రీ తక్కువ దగ్గర ఆపడమో, ట్రాన్స్‌ఫర్ కేసు వైపు డబుల్ క్రాస్ ఉన్న షాఫ్టు వేయడమో చేయాలి. వణుకును పట్టించుకోకుండా నడిపితే మొదట క్రాస్, ఆ తరువాత ట్రాన్స్‌ఫర్ కేసు సీలు పోతాయి.

మిగిలినవి, త్వరగా

బండిని ఛాసిస్ కింద స్టాండ్ల మీద నిలిపి యాక్సిల్‌ను పూర్తిగా వేలాడదీసి చూడండి. కిందికి దిగడాన్ని ఆపవలసింది షాక్ అబ్జార్బర్. బ్రేకు రబ్బరు గొట్టం గాని, ఏబీఎస్ వైరు గాని, బ్రీదర్ గొట్టం గాని ఆపకూడదు. స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి కూడా ఇది చూడాలి. ప్రొపెల్లర్ షాఫ్టు జారే పళ్ల భాగం బయటికి ఎంత వచ్చిందో గమనించండి. పొడవైన షాక్‌లు వేసి ఉంటే, బండి పూర్తిగా కూర్చున్నప్పుడు షాక్ లోపల అడుగు తగలకముందే బంప్ స్టాప్ (యాక్సిల్ పైకి రావడాన్ని ఆపే రబ్బరు దిమ్మ) తగలాలి, లేకపోతే బంప్ స్టాప్ కింద దిమ్మ వేయాలి. ముందు స్టెబిలైజర్ బారు లింకులు ఎత్తుకు తగ్గట్టు పొడవైనవి కావాలి. బరువును బట్టి వెనక బ్రేకు ఒత్తిడిని మార్చే వాల్వు ఉన్న బళ్లలో, ఎత్తిన బండిని ఆ వాల్వు ఖాళీ బండిగా భావించి వెనక బ్రేకు తగ్గిస్తుంది. దాని లింకు సర్దాలి. హెడ్‌లైట్లు గోడ మీద కొలిచి దించండి, ఎదుటివారి కళ్లకు పుణ్యం.

టైర్ల మాట కూడా ఇక్కడే. స్ప్రింగులు ఛాసిస్‌ను ఎత్తుతాయి గాని డిఫరెన్షియల్ గుండును ఒక్క మిల్లీమీటరు కూడా ఎత్తవు. అది టైరు పనే. కంపెనీ ఇచ్చే 195/80 ఆర్15 వ్యాసం లెక్క ప్రకారం 693 మి.మీ., 215/75 ఆర్15 వ్యాసం 703.5, గుండు లేచేది 5 మి.మీ. మాత్రమే. 235/75 ఆర్15 అయితే 20 మి.మీ. లేస్తుంది, కాని పూర్తి మలుపులో టైరు ఆర్ముకు రాసుకోవచ్చు కాబట్టి నకిల్ (యాక్సిల్ కొసన చక్రంతోపాటు తిరిగే భాగం) మీది స్టాప్ బోల్టును కొంచెం బయటికి తిప్పి ఆపాలి.

వేరే బళ్లయితే

2020 తరువాతి మహీంద్రా థార్‌లో ముందు డబుల్ విష్‌బోన్ ఉంది, అంటే ఇరుపక్కల చక్రాలు విడివిడిగా కదులుతాయి. అక్కడ ఎత్తడం వల్ల కాంబర్, టో, కాస్టర్ మూడూ మారతాయి, యాక్సిల్ షాఫ్టు జాయింట్ల కోణం పెరుగుతుంది, పై ఆర్ము బాల్ జాయింటు తన హద్దు దగ్గరికి పోతుంది. పై ఆర్ములు మార్చకుండా స్పేసరు ఒక్కటి పెట్టి ఎత్తే పని ఆ బండికి నప్పదు. వెనక రిజిడ్ యాక్సిల్‌కు పాన్హార్డ్ సంగతి జిమ్నీ లాంటిదే.

కమాన్ కట్టల మీద నడిచే జిప్సీలో రేడియస్ ఆర్ములు, పాన్హార్డ్ లేవు కాబట్టి పని వేరుగా ఉంటుంది. పొడవు షాకెల్ (కట్ట కొసను ఛాసిస్‌కు కలిపే ఊగే పట్టీ) వేసి ఎత్తితే, ముందు కట్టకు షాకెల్ ముందు కొసన ఉంటే కాస్టర్ తగ్గుతుంది, వెనక కొసన ఉంటే పెరుగుతుంది. సరిచేయడానికి కట్టకూ యాక్సిల్‌కూ మధ్య వాలుగా ఉన్న ఇనుప చీలిక వేస్తారు. అల్యూమినియం చీలికలు నలిగి పగులుతాయి, వద్దు. చీలిక వేశాక యూ బోల్టులు పాతవి వాడకూడదు.

రోడ్డు మీద పరీక్ష

ఖాళీ రోడ్డు మీద మొదట 40 వేగంలో మలుపు తిరిగి స్టీరింగ్ వదులుగా పట్టుకోండి. తనంతట మధ్యకు రావాలి. 60లో చేతులు తేలికగా ఉంచి బండి ఏ పక్కకు లాగుతుందో చూడండి, ఒకసారి గట్టిగా బ్రేకు వేయండి. ఆ రెండూ కుదిరాకే 80 దాటండి. వంతెన అతుకు మీద వణుకు మొదలైతే స్టీరింగ్‌తో పెనుగులాడక, యాక్సిలరేటర్ వదిలి వేగం తగ్గనివ్వాలి.

వణుకు వచ్చిన బండికి షాపులో మొదట సూచించేది కొత్త స్టీరింగ్ డాంపర్ (స్టీరింగ్ కుదుపును అణిచే చిన్న షాక్). అది చివర మార్చవలసిన వస్తువు. చక్రాల బ్యాలెన్సింగ్, కాస్టర్, పాన్హార్డ్ బోల్టులు, రెండు ముందు చక్రాలనూ కలిపే టై రాడ్ కొసలు, నకిల్ తిరగడానికి ఉండే కింగ్‌పిన్ బేరింగులు, ఈ వరసలో చూడాలి. ఇంజన్ ఆన్ చేసి ఒకరు స్టీరింగ్ కొద్దికొద్దిగా అటూ ఇటూ కదుపుతుంటే, మరొకరు కింద పాన్హార్డ్ రెండు కొసల మీదా వేళ్లు ఆనించి ఉంచాలి. బుష్ వదులైతే కంటికి కనబడకముందే వేలికి తగులుతుంది. ముందు చక్రాన్ని జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకొని ఊపితే కింగ్‌పిన్ ఆట తెలుస్తుంది. ఇవన్నీ బాగుండగా కూడా వణుకుతుంటే అప్పుడు డాంపర్.

కొత్త స్ప్రింగులు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో కొంచెం దిగుతాయి. 500 కిలోమీటర్ల తరువాత బండిని మళ్లీ అవే సుద్ద గుర్తుల మీద నిలబెట్టి ఫెండరు ఎత్తు, తూకం గుండు దూరం, గేజ్ అంకె మరోసారి తీసి, అన్ని బోల్టులనూ నేల మీదనే టార్క్ రెంచితో సరిచూసి, స్టీరింగ్ మళ్లీ కొంచెం పక్కకు పోయి ఉంటే డ్రాగ్ లింకు పావుచుట్టు తిప్పండి.